స్వెట్టర్ల సీజనూ, జూన్ నెల ఫీజూ

కందుకూరు వైపు పొగాకు రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు. వేలంలో బేళ్లు పోతేనే చేతిలో డబ్బు. కాలేజీ ఫీజు మాత్రం దాని వేళకు అది వచ్చి కూర్చుంటుంది. చలికాలంలో స్వెట్టర్లు అమ్ముకునే టిబెటన్ శరణార్థి కుటుంబాలదీ అదే లెక్క. సరుకు లూధియానా హోల్‌సేల్ వ్యాపారుల దగ్గర అరువు మీద తెస్తారు. అక్టోబరు నుంచి జనవరి దాకా అమ్మి, బాకీ తీర్చాక మిగిలిందే ఏడాది సంపాదన. జూన్ వచ్చేసరికి అది ఇంటి ఖర్చుల్లో కరిగిపోతుంది. మైసూరు దాటాక వచ్చే టిబెటన్ల సెటిల్‌మెంట్ బైలకుప్పెలో మొక్కజొన్న వేసే ఇళ్లకూ వానాకాలం మొదలంటే డబ్బు బయటికి పోయే కాలమే. అందుకే ఈ ఇళ్ల పిల్లల కాలేజీ చదువుకు సాయం చేయదలిస్తే పన్నెండో తరగతి ఫలితాల దాకా ఆగకండి.

మన పిల్లలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, లేదంటే బ్యాంకు విద్యారుణం ఉంది. టిబెటన్ పిల్లల్లో చాలామంది ఇక్కడే పుట్టినా చేతిలో ఉండేది ఆర్‌సీ, అంటే విదేశీయులకిచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. విద్యారుణానికి భారత పౌరసత్వం అడుగుతారు. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1 లోపు ఇక్కడ పుట్టిన టిబెటన్లు పుట్టుకతోనే పౌరులని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. ఇప్పుడు డిగ్రీలో చేరేవాళ్లు ఆ గీతకు ఇవతల పుట్టినవాళ్లు.

ఆర్‌సీ వల్ల ఇంకో చిక్కుంది. కొన్ని కాలేజీలు ఆ కాగితం చూసి విదేశీ విద్యార్థి ఫీజు వేస్తాయి. ఏ కోటాలో చేర్చుకుంటారో, మొత్తం ఫీజెంతో అడ్మిషన్‌కు ముందే రాతపూర్వకంగా తీసుకోండి. సీటు తీసుకున్నాక బతిమాలడం కష్టం. ధర్మశాలలోని టిబెటన్ ప్రవాస పరిపాలన విద్యాశాఖ స్కాలర్‌షిప్పులు ఇస్తుంది. దానికి దరఖాస్తు చేశారా, ఎంత వస్తుందన్నది ముందు తెలుసుకుని, తగ్గిన మేరకే మీరు పూడ్చండి. టిబెటన్లు ఆ పరిపాలనకు కట్టే చందా రాసుకునే పుస్తకాన్ని గ్రీన్ బుక్కు అంటారు. ఇంట్లో వాళ్లకు ఆ చందా బకాయి ఉంటే దరఖాస్తుకు ముందే కట్టించండి.

పేరు దగ్గర జరిగే పొరపాట్లు ఎక్కువ. టిబెటన్లలో చాలామందికి ఇంటిపేరు ఉండదు. దలైలామా పేరులోని తెన్జిన్ అనే మాట వేలమందికి మొదటి పేరు. దరఖాస్తు ఫారం ఇంటిపేరు రాయనిదే ముందుకు కదలదు గనుక ఒకచోట రెండో మాట ఇంటిపేరవుతుంది, మరోచోట చుక్క పెడతారు. మార్కుల జాబితా ఒకలా, ఆర్‌సీ ఒకలా, ఆధార్ ఇంకోలా తయారవుతాయి. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. ఫీజు నేరుగా కాలేజీ ఖాతాకే పంపండి, అడ్మిషన్ నంబరు తప్పక రాయండి. పేరొక్కటే రాస్తే ఆ డబ్బు మరో తెన్జిన్ లెక్కలో పడొచ్చు.

ఇక డబ్బు. ఏడాదికి ట్యూషన్ 45,000, హాస్టల్, మెస్ కలిపి 75,000 అనుకుందాం. మూడేళ్లకు 3,60,000. నెల్లూరులోనో ఒంగోలులోనో ఆరుగురు స్నేహితులు కలిసి నెలకు తలా 2,000 వేసుకుంటే 36 నెలలకు 4,32,000 అవుతుంది. ఎక్కువెందుకంటే, మధ్యలో ఒకరు తప్పుకుంటారు. మిగిలిన ఐదుగురితోనూ సరిగ్గా 3,60,000 వస్తుంది. జనవరిలోనే మొదలుపెడితే జూన్ ఆఖరుకు 72,000 చేతిలో ఉంటుంది, మొదటి ఏడాది ట్యూషనూ హాస్టల్ అడ్వాన్సూ దాంతో గడుస్తాయి. మొదటి సంవత్సరం ఘనంగా కట్టి రెండో ఏడు చేతులెత్తేయడం అస్సలు కట్టకపోవడం కన్నా అన్యాయం. చదువు సగంలో ఆగిన పిల్ల మళ్లీ స్వెట్టర్ల మూట దగ్గరికే వెళ్తుంది.

ఆదాయపన్ను మినహాయింపు కావాలంటే, విరాళాలకు మినహాయింపు ఇచ్చే 80జి అనే గుర్తింపు ఉన్న సంస్థ ద్వారానే ఇవ్వాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే అది వర్తిస్తుంది, నగదుగా 2,000 దాటితే చెల్లదు, సంస్థ నుంచి విరాళం సర్టిఫికెట్ (10బిఇ ఫారం) అడిగి తీసుకోవాలి. విద్యార్థికి నేరుగా ఇస్తే మినహాయింపు లేదు.

మెస్ డబ్బు నెలనెలా విద్యార్థి ఖాతాకే వేయండి. చివరి సెమిస్టర్‌కు పరీక్ష ఫీజు, సర్టిఫికెట్ల ఫీజు, ఏవైనా పాత బకాయిలు ఒకేసారి మీద పడతాయి. మిగులు డబ్బును అప్పటిదాకా ముట్టుకోకండి.