స్టింగ్ ఆఖరి మ్యాచ్‌లో మిగతా ముగ్గురి పని

2024 మార్చి 3న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో ప్రో రెజ్లర్ స్టింగ్ ఆడిన ఆఖరి మ్యాచ్‌ని (ప్రో రెజ్లింగ్ అంటే ఫలితం ముందే అనుకుని ఆడే కుస్తీ) మళ్లీ చూస్తే కాసేపు ఆయన్ని వదిలేసి మిగతా ముగ్గుర్నీ గమనించండి. 64 ఏళ్ల మనిషిని ఎక్కడ దాచారో, ఎప్పుడు బయటికి తెచ్చారో అప్పుడు తెలుస్తుంది.

సగం పని మ్యాచ్ రకంలోనే అయిపోయింది. అటు యంగ్ బక్స్ అన్నదమ్ములు, ఇటు స్టింగ్‌కి తోడు డార్బీ ఆలిన్. మామూలు ట్యాగ్ (జట్టులో ఒక్కొక్కరే దిగే జంటల ఆట) కాదు, టోర్నడో ట్యాగ్. చెయ్యి తగిలించి మారే పని లేదు, నలుగురూ ఒకేసారి కొట్టుకోవచ్చు. ఒకడు బయటపడి ఊపిరి పీల్చుకుంటున్నా లోపల ఆట ఆగదు. ఒకరితో ఒకరు తలపడే సింగిల్స్‌లో ఈ వెసులుబాటు ఉండదు, ఎదుటివాడే మ్యాచ్‌ని మోయాలి. 1988లో ఇదే హాల్లో కుర్ర స్టింగ్‌ని 45 నిమిషాల డ్రా దాకా నడిపించింది ప్రత్యర్థి రిక్ ఫ్లెయిర్. అదే ఫ్లెయిర్ 2008లో 59 ఏళ్లకు రెజిల్‌మేనియా అనే పెద్ద షోలో దిగితే, మ్యాచ్ బరువంతా ప్రత్యర్థి షాన్ మైకేల్స్ మోశాడు.

ఇక్కడ పెద్ద దెబ్బ డార్బీ తిన్నాడు. నిచ్చెన మీంచి గాజు పలక మీదకి దూకి వీపంతా చీల్చుకున్నాడు. స్టింగ్ కూడా గాజు దెబ్బ తిన్నాడు, కాదనను. కానీ ఆయనకి అసలు భయం మెడతో. 2015లో ఒక మ్యాచ్‌లో సెత్ రోలిన్స్ రింగ్ మూలనుండే మెత్తలకేసి విసిరినప్పుడే అది దెబ్బతింది. మ్యాట్ మీద వెల్లకిలా పడితే గడ్డం రొమ్ముకి ఆనించి, చేతులు చాచి చరిస్తే దెబ్బ ఒళ్లంతా పంచుకుంటుంది. మూలలో అలా కుదరదు. వీపు ఆగిపోతుంది, తల మాత్రం వెనక్కి విసురుగా పోతుంది.

ముగింపుకి స్కార్పియన్ డెత్ లాక్ అనే పట్టు సరైన ఎంపిక. వెల్లకిలా ఉన్నవాడి కాళ్ల మధ్య ఒక కాలు పెట్టి, వాడి రెండు కాళ్లనీ దానికి మెలివేసి, బోర్లా తిప్పి, నడుం మీద కూర్చుని వెనక్కి వాలాలి. ఎగరక్కర్లేదు, పడక్కర్లేదు. తిప్పేటప్పుడు అవతలివాడు తనంతట తాను దొర్లాలి, బిగుసుకుపోతే పట్టేవాడి నడుముకే ముప్పు. మోకాళ్లు వంగక సగం నిలబడి లాగితే పట్టు ఉత్తుత్తిదని వెనక వరసవాడికీ తెలిసిపోతుంది. యంగ్ బక్స్‌లో ఒకడైన మాథ్యూ జాక్సన్ దానికే చేతులెత్తేశాడు.

రిటైరయ్యేవాడు ఓడి వెళ్లాలన్నది ఈ రంగంలో పాత మర్యాద. స్టింగ్ గెలిచాడు. అందులో నాకు పేచీ లేదు, బెల్టులతోనే పేచీ. ట్యాగ్ టైటిళ్లు పందెంలో పెట్టి మరీ గెలిపించడంతో, ఆయన రిటైరయ్యాక వాటిని ఖాళీ అని ప్రకటించి, కొత్తగా టోర్నమెంట్ పెట్టాల్సి వచ్చింది.