గోడ మీద కన్ను

పొద్దున కిటికీ తీస్తే ఎదురుగా తెల్లగా మబ్బు, అంతే. కొండ కింద త్రాపని ఊరు, ఉప్పు మడులు, సముద్రం, ఏదీ కనపడలేదు. ఇటలీ ద్వీపం సిసిలీలో 750 మీటర్ల ఎత్తునున్న ఈ ఎరిచేలో ఇది మామూలేనట. ఈ మబ్బుని ఇక్కడివాళ్లు ‘వీనస్ ముద్దులు’ అంటారు.

మా ఫిజిక్స్ పాఠాలు జరిగేది ఒకప్పటి మఠంలో. 1938లో ఆచూకీ లేకుండా పోయిన శాస్త్రవేత్త ఎత్తొరే మజొరానా పేరు పెట్టుకున్న కేంద్రం అది. మధ్యాహ్నం క్లాసు లేదు. స్వెట్టర్ వేసుకుని బయల్దేరాను.

ముందు కోటకి వెళ్లాను. నార్మన్లు దాన్ని రోమన్ల ప్రేమదేవత వీనస్ గుడి ఉన్నచోటే కట్టారు. ఆ దేవతని పాతకాలపు సముద్ర వర్తకులైన ఫినీషియన్లు అస్టార్టే అన్నారు, గ్రీకులు అఫ్రొడైటీ అన్నారు. రోమ్‌తో జరుగుతున్న యుద్ధంలో, క్రీ.పూ. 244లో, ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ సేనాని హమిల్కార్ బార్కా ఈ ఊరు పట్టుకున్నాడు. పైన గుడి దగ్గరా రోమన్లే, కొండ కిందా రోమన్లే. నడుమ ఇరుక్కుని కూడా యుద్ధం ముగిసేదాకా కదల్లేదు! అతని కొడుకు హానిబాల్ క్రీ.పూ. 217లో ట్రసిమీన్ సరస్సు దగ్గర రోమన్లని చిత్తుచేశాడు. అప్పుడు రోమ్ మొక్కుకున్న దేవతల్లో ఈ కొండ మీది వీనస్ ఒకరు. రెండేళ్లకి రోమ్‌లో ఆమెకి గుడి కట్టి మొక్కు తీర్చారు. ఇక్కడేమో ఒక బావి, కొన్ని రాళ్లు మిగిలాయి. చూస్తుంటే మనసు చివుక్కుమంది.

అక్కణ్ణించి ఊరి ప్రహరీ దగ్గరకి. అడుగు వరసల్లో పెద్ద పెద్ద బండలు, పైన తర్వాతి కాలాల చిన్న రాళ్లు. ఆ బండల మీద ఫినీషియన్ అక్షరాలున్నాయి: బేత్, ఆయిన్, పే. ఇల్లు, కన్ను, నోరు అని అర్థాలు. తడి రాళ్ల మీద వెతగ్గా వెతగ్గా గుండ్రంగా ఒకటి కనిపించింది. ఆయినే అనుకుంటాను. నాన్నకి వీడియో కాల్ చేశాను. ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టిన మనిషి.

“సున్నాలా ఉందే,” అన్నాడు.

“పనివాళ్ల గుర్తులంటారు నాన్నా.”

“మరి? ఎవరి రాయి ఏదో తెలియకపోతే కూలి ఎట్లా లెక్క కడతారమ్మా? ఇంకాస్త దగ్గరగా పెట్టు. ఉలి ఏ పక్క నుంచి పడిందో చూస్తా.”

మబ్బు మళ్లీ కమ్ముకొస్తోంది. స్వెట్టర్ చేత్తో రాయి తుడిచి, ఫోన్ దానికి ఆనేంత దగ్గరగా పెట్టాను.