సోమశిల బోటు, చీకట్లో ఒక స్విచ్

దేవరకొండలో పొద్దున ఆరింటి బస్సు ఎక్కేటప్పుడే కండక్టర్‌తో గొడవైంది. నా దగ్గర రెండు అట్టపెట్టెల్లో పన్నెండు చిన్న స్పీకర్లు, ఒక ఆంప్లిఫయర్, ఒక సంచిలో ఎల్ఈడీ పట్టీలు, వైరు చుట్టలు ఉన్నాయి. లగేజీ టికెట్టు నా టికెట్టు కన్నా ఎక్కువ కొట్టాడు. డబ్బులు పోతే పోయాయి, పెట్టెలను వెనక టైరు మీది సీటు పక్కన పడేయమన్నాడు. అక్కడ కుదుపులకు స్పీకర్ల కోన్లు చిరిగితే నాకు దిక్కెవరు? అందుకే ఒక పెట్టె ఒళ్లో పెట్టుకున్నాను, రెండోది కాళ్ల మధ్య ఇరికించుకున్నాను. డిండి దాకా అట్లాగే.

పక్క సీట్లో అచ్చంపేట పోతున్న ఒక పెద్దమ్మ. కాసేపు పెట్టెను చూసి, "ఏముంది నాయినా, టీవీయా?" అంది. బోటుకు బిగించే పాటల డబ్బాలని చెప్పాను. "బోటుకు పాటలెందుకురా? నీళ్ల సప్పుడు సాలదా?" అంది. ఏదో చెప్పబోయాను కానీ నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ ప్రశ్న కొల్లాపూర్ దాకా నాతోనే వచ్చింది.

దుబాయిలో ఐదేళ్లు నా పనే అది. మెరీనాలో కట్టి ఉండే లగ్జరీ యాట్లకు, అంటే డబ్బున్నవాళ్ల సొంత విలాస పడవలకు, సౌండు, టీవీలు, లైట్లు బిగించే ఒక వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్‌గా చేశాను. యజమాని మారినప్పుడల్లా పాతవన్నీ పీకేసి కొత్తవి పెట్టించుకునేవారు. గోడల వెనక, సీలింగుల పైన, ఇంజను గది పక్కన దూరి వైర్లు లాగడమే నా రోజు. ఇంటికి తిరిగొచ్చాక పెళ్లిపందిళ్ల లైటింగు, ఇళ్ల వైరింగు చేసుకుంటున్నాను. నీళ్ల మీది పని మళ్లీ దొరుకుతుందని, అదీ మన కృష్ణ మీద, అనుకోలేదు. సోమశిలలో యాత్రికులను తిప్పే ఒక ప్రైవేటు బోటు యజమాని ఫోన్ చేసి, "దుబాయి లెక్క చేసియ్యాలె అన్నా" అనగానే డబ్బుల సంగతి కూడా తేల్చుకోకుండా ఒప్పుకున్నాను.

నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ దారి అందరికీ తెలిసిందే. చెప్పడానికేమీ లేదు. కొల్లాపూర్ నుంచి పది కిలోమీటర్లకు ఆటోవాడు మూడు వందలు తీసుకున్నాడు. కార్తీకం మొదలైంది కదా, స్నానాలకు వచ్చేవాళ్లను చూసి రేటు పెంచారు.

చివరి మలుపు తిరగగానే నీళ్లు కనబడతాయి. ఎన్నిసార్లు చూసినా ఆ మలుపు దగ్గర గుండె ఒక్కసారి ఆగుతుంది. ఆ ఏడు వానలు బాగా పడి, శ్రీశైలం జలాశయం నిండు మట్టమైన 885 అడుగులకు దగ్గర్లో ఉంది. అవతల నల్లమల కొండలు, మధ్యలో సముద్రమంత కృష్ణ. ఎదుటి ఒడ్డు పక్కన సంగమేశ్వరం గుడి అప్పటికి పూర్తిగా నీళ్లలోనే ఉంది. ఎండాకాలం నీళ్లు తగ్గితేనే అది బయటపడుతుంది.

బోటు చూడగానే మాత్రం మనసు చివుక్కుమంది. ఇనుప బోటు, కింద ఏసీ హాలు, పైన ఖాళీ డెక్కు. మనిషి మంచి డబ్బే పెట్టాడు. కానీ అంతకుముందు ఎవరో చేసిన వైరింగు చూస్తే భయమేసింది. ఇళ్లకు వాడే వైరు, మెలితిప్పి టేపు చుట్టిన అతుకులు, ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి లాగిన లైను. బోటంటే ఇల్లు కాదు. ఇంజను తిరుగుతున్నంతసేపూ ప్రతి అతుకూ వణుకుతూనే ఉంటుంది. మెలితిప్పిన చోట మెల్లగా వదులవుతుంది, వేడెక్కుతుంది, పక్కనే డీజిలు. దుబాయిలో నాకు మొదట నేర్పింది ఇదే. సన్న పోగుల వైరు వాడాలి, కొసకు లగ్ అనే లోహపు తొడుగు వేసి గట్టిగా నొక్కాలి, రెండు జానలకొక క్లిప్పు కొట్టాలి, ప్రతి లైనుకు దాని ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉండాలి. అక్కడ సముద్రపు ఉప్పు గాలికి రాగి పచ్చగా పట్టిపోతుంది కాబట్టి తగరం పూత ఉన్న వైరే వాడేవాళ్లం. ఇక్కడివి మంచినీళ్లైనా తేమ తేమే. నేను అదే వైరు హైదరాబాద్ నుంచి తెప్పించాను. యజమాని రేటు చూసి ముఖం చిట్లించాడు. రెండో రోజు పాత అతుకు ఒకటి కోసి, లోపల నల్లగా కాలిన రాగి చూపించాక మళ్లీ రేటు మాట ఎత్తలేదు.

సౌండు దగ్గర అసలు పంచాయితీ మొదలైంది. ఆయన కోరిక ముందు కొన మీద రెండు పెద్ద డీజే డబ్బాలు. వద్దని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఖాళీ చోట దూరం రెట్టింపైతే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ముందు డబ్బా పెట్టి వెనక కూర్చున్నవాళ్లకు వినబడాలంటే, ముందున్నవాళ్ల చెవులు పగలాలి. యాట్లలో అందుకే పెద్దవి రెండు పెట్టకుండా చిన్నవి చాలా పెడతారు. ప్రతి నాలుగైదడుగులకు ఒకటి, మెల్లగా. అప్పుడు పాట అందరి పక్కనా ఉంటుంది, మాట్లాడుకోవడానికి అరవక్కర్లేదు. "చిన్నగ ఉంటే పబ్లిక్‌కు మజా రాదన్నా" అన్నాడాయన. నేను లైఫ్ జాకెట్ల సంగతి ఎత్తాను. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన బోటు ప్రమాదం ఎవరం మరిచిపోలేదు. ఆపద వస్తే మైకులో చెప్పే మాట డెక్కు మూలమూలకూ తెలుగులో స్పష్టంగా వినబడాలి. మైకు నొక్కగానే పాట దానంతటదే ఆగిపోవాలి. డీజే డబ్బాలో మాట ఒక్క ముక్క అర్థం కాదు. ఈ మాటకు ఆయన దిగొచ్చాడు.

టీవీ కూడా అంతే. పైడెక్కు మీద 55 అంగుళాల టీవీ కావాలన్నాడు. ఇంట్లో వాడే టీవీ వెలుగు 300 నిట్స్ చుట్టూ ఉంటుంది. ఎండలో కనబడాలంటే 1000 దాటాలి, అవి యాట్ల వాళ్లు కొనే ధర. పగటిపూట డెక్కు మీద ఇంటి టీవీ పెడితే అందులో మన ముఖమే కనిపిస్తుంది. దాన్ని కింద హాల్లో పెట్టించాను. అసలు అంత నల్లమల ఎదురుగా ఉంటే టీవీ చూసేదెవరు?

మూడు రోజుల పని. రోజూ మధ్యాహ్నం ఒడ్డున చేపల వేపుడు, అన్నం. చేప కిలో లెక్కన, వేయించినందుకు వేరే డబ్బులు. ఊళ్లో కన్నా రెట్టింపు ధర, కానీ నీళ్లలోంచి అప్పుడే తీసిన చేప, ఏమీ అనలేం. ఇక మిగిలింది రాత్రి లైట్ల పరీక్ష. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను.

బోటు నడిపే పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. మూడు రోజుల్లో నాతో పది మాటలు కూడా మాట్లాడలేదు. దుబాయి బోట్లలో స్పీకర్లను దిక్సూచికి దూరంగా పెట్టేవాళ్లం, అయస్కాంతం ముల్లును లాగుతుందని. ఈయన దగ్గర దిక్సూచే లేదు. కొండలను చూసి నడుపుతాడు.

ఆ రాత్రి యాత్రికులెవరూ లేరు. ఒడ్డుకు దగ్గర్లోనే తిప్పి చూద్దామని యజమాని, నేను, పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్లు బయల్దేరాం. నెలవంక ఎప్పుడో దిగిపోయింది. డెక్కు అంచు పొడవునా నేను వేసిన లైట్ల పట్టీ. యజమాని ముందు ఎరుపు, పచ్చ మారుతూ పరుగెత్తే లైట్లు అడిగాడు. దానికి నేను ససేమిరా అన్నాను. రాత్రిపూట బోటుకు ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనక తెలుపు దీపం ఉంటాయి. ఎదురొచ్చే బోటువాడు వాటిని చూసే మనం ఎటు పోతున్నామో తెలుసుకుంటాడు. అంచంతా ఎరుపు, పచ్చ పరుగెత్తితే వాడికేం అర్థమవుతుంది? చివరికి తెల్లవి వేయడానికి ఒప్పుకుని, "ఫుల్లుగ పెట్టు" అన్నాడు. పెట్టాను. బోటు పెళ్లిమండపంలా వెలిగింది. కుర్రాళ్లు సెల్‌ఫోన్లు తీసి వీడియోలు మొదలుపెట్టారు. పాట కూడా వేశాం. నాకు మనసు నిండిపోయింది, నిజం చెప్పాలి.

ఐదు నిమిషాలు పోయామో లేదో ఇంజను ఒక్కసారి తగ్గింది. పెద్దాయన అరిచాడు.

"తమ్మీ! లైట్లు బందు చెయ్యి! అన్నీ బందు చెయ్యి!"

నేను కిందున్న ప్యానెల్ దగ్గరికి పరుగెత్తాను. మెట్లు దిగి, తలుపు తీసి, మెయిన్ ఆపేసరికి ఎంతసేపు పట్టిందో, నాకైతే చాలాసేపు అనిపించింది. పైకొచ్చేసరికి ఏమీ కనబడలేదు. కాసేపటికి ముందు నీళ్ల మీద ఒక నల్లటి ముద్ద. పుట్టి. అందులో ఇద్దరు, భార్యాభర్తలనుకుంటాను, వల సర్దుకుంటున్నారు. పట్టుమని ఇరవై గజాలు లేదు. వాళ్ల దగ్గర దీపం లేదు. మా పాటకు వాళ్ల కేకలు మాకు వినబడలేదు.

పెద్దాయన బోటును వెనక్కి లాగి వాళ్లను దాటించాడు. ఆయమ్మ మమ్మల్ని తిట్టిన తిట్లు ఇప్పుడు బాగా వినబడ్డాయి. తిట్టాల్సిందే.

నా చేతులు వణికాయి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20, 30 నిమిషాలు పడుతుంది, ఒక్క తెల్లటి లైటు పడితే ఆ అలవాటంతా క్షణంలో పోతుంది. ఇది నాకు తెలుసు. అందుకే యాట్లలో నడిపేవాడి గదిలో మసక ఎర్ర దీపాలే పెడతారు, డెక్కు లైట్లకు వెలుగు తగ్గించే డిమ్మర్లు పెడతారు. అక్కడ అవన్నీ నా చేతులతో బిగించి కూడా, డబ్బున్నవాళ్ల సోకులనుకున్నాను. ఇక్కడ లైట్లు వేస్తూ ఆ బోటు నడిపే మనిషి కళ్ల గురించి ఆలోచించలేదు.

ఇంజను ఆపేసి కాసేపు అట్లాగే ఉన్నాం. యజమాని కూడా మాట్లాడలేదు. చీకట్లో కొండల అంచులు ఒక్కొక్కటి తేలాయి, ఆ తర్వాత చుక్కలు. చల్లటి నీళ్ల మీద రాత్రిపూట శబ్దం చాలా దూరం వస్తుంది. ఒడ్డున ఎవరో బిందె పెట్టిన చప్పుడు పక్కనే పెట్టినట్టు వినబడింది. మా పాట ఎన్ని ఊళ్లకు వినబడి ఉంటుందో. బస్సులో పెద్దమ్మ అడిగింది గుర్తొచ్చింది.

అప్పుడు పెద్దాయన తనంతట తానే మాట్లాడాడు. "మా ఊరు గీడనే ఉండె, కింద. డ్యాము నీళ్లొచ్చినప్పుడు నేను పోరన్ని. మా నాయిన ఇంటి దూలాలు పీకి బండికెత్తిండు." చెయ్యి ఒక కొండ వైపు చూపించాడు. "ఆ కొండ భుజం, ఈ కొండ ముక్కు కలిసేకాడ మా ఊరి బాయి. లైటుంటే కొండ కనవడది తమ్మీ. కొండ కనవడకపోతే నాకు దారి లేదు."

సోమశిల గుళ్లను కూడా ఆ ముంపు నుంచే పైకి మార్చి కట్టారని చదివాను. రాళ్లకు నంబర్లు వేసి ఎక్కడికైనా మార్చొచ్చు. ఆ బావి ఎక్కడుందో మాత్రం ఇప్పుడు ఈయన కళ్లలోనే ఉంది.

మర్నాడు వెళ్లిపోవాల్సినవాడిని ఇంకో రోజు ఆగాను. దానికి డబ్బులు అడగలేదు. అంచు పట్టీ తీసి, మోకాలి ఎత్తులో కిందికి మాత్రమే వెలుగు పడేలా పసుపుపచ్చ లైట్లు వేశాను. మనుషులకు అడుగు కనబడితే చాలు. అన్నిటికీ డిమ్మర్ పెట్టాను. చుక్కాని పక్కన ఒక పెద్ద స్విచ్, ఒక్క దెబ్బకు డెక్కు లైట్లు, పాట రెండూ ఆగిపోతాయి. దారి దీపాలు, మైకు మాత్రం ఆగవు. చీకట్లో తడిమితే దొరకాలని దాని మీద గరుకు రబ్బరు అంటించాను. పెద్దాయన కళ్లు మూసుకుని మూడుసార్లు కొట్టి చూశాడు. ఏమీ అనలేదు, నాకు బీడీ ఇవ్వబోయాడు.

తిరిగొచ్చేటప్పుడు పనిముట్ల సంచి ఒక్కటే. కిటికీ పక్క సీటు దొరికింది, డిండి దాకా నిద్రపోయాను.

పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. యజమాని అనుకున్నాను, పెద్దాయన.

"తమ్మీ, స్విచ్ కాడ చిన్న ఎర్ర లైటు పెట్టినవ్ గదా. అది గూడ ఎక్కువైంది. దాని మీద టేపేసిన."