బియ్యం వాసన పేరుతో రెండు సీసాలు

పొద్దుట్నుంచీ ఒకటే చిరాకు. 'రైస్ నోట్ ఉంది', అంటే బియ్యం వాసన తగులుతుంది, అన్న ఒక్క ముక్క పట్టుకుని ఈ రెండు పెర్ఫ్యూముల్నీ ఒకే గాటన కట్టేస్తారెందుకో! ఎటా లిబ్ర దొరాంజ్ వాళ్ల ఫిస్ ద ద్యూ 2012లో రాల్ఫ్ ష్వీగర్ చేసింది. దిప్తీక్ వాళ్ల లో పాపియే 2023లో ఫాబ్రిస్ పెల్లెగ్రాఁ చేసింది. రెండూ ఆడామగా ఎవరైనా కొట్టుకునేవే. పోలిక అక్కడితో సరి.

ఫిస్ ద ద్యూలో ముందు నిమ్మ, అల్లం, షిసో ఆకు (జపాన్ వంటల్లో వేసే సువాసన ఆకు) గుప్పుమంటాయి. వెనకాలే కొబ్బరి, దాన్ని ఆనుకుని అన్నం. లో పాపియేలో మెతుకు లేదు, అన్నం గిన్నె మూత తీసినప్పటి ఆవిరే ఉంది. ఆ ఆవిరి చుట్టూ మిమోసా పూలు, తెల్ల మస్కులు (కస్తూరి తరహా వాసనలు), లేత చెక్క వాసన.

రైస్ నోట్ అంటే మామూలుగా బియ్యం నుంచి తీసిన నూనె కాదు, నాలుగైదు వాసనలు కలిపి కూర్చిన అకార్డ్. బాస్మతికి ఆ ఘుమఘుమ ఇచ్చే పదార్థం 2-అసిటైల్-1-పైరోలీన్. నీటిలో వందకోట్ల వంతుల్లో 0.1 వంతు ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. కానీ నిలకడ లేదు, ఇట్టే చెడిపోతుంది. అందుకే సీసాలో దొరికేది అన్నం కాదు, అన్నం భ్రమ.

ఇంకో విసుగు, పెర్ఫ్యూమ్ చల్లి చూసే కాగితపు పట్టీ మీద తీర్పులివ్వడం. పట్టీకి ఒంటి వేడి ఎక్కడిది? వాసన లేని సబ్బుతో కడిగి, ఒక్కో మోచేతి లోపలివైపు ఒక్కోటి, ఒకే స్ప్రే. రుద్దకూడదు. 5 నిమిషాలకు, అరగంటకు, 3 గంటలకు చూడాలి. లో పాపియే 'గంటకే ఆవిరైపోయింది' అనేవాళ్లు ఆ చేతి వాసన పక్కవాళ్లకి చూపించాలి. మస్కుల అణువులు పెద్దవి, మెల్లగా ఎగురుతాయి. కొన్ని మస్కులు కొందరి ముక్కులకు అసలు అందనే అందవు. పైగా అదేపనిగా పీలిస్తే ఏ ముక్కయినా మొద్దుబారుతుంది.

అన్నం కావాలంటే ఫిస్ ద ద్యూనే అని రాద్దామని కూర్చున్నా. రాస్తుంటే మనసు మారుతోంది. అందులో అన్నం మధ్యలో కాసేపే. తర్వాత టోంకా (వెనిల్లాని తలపించే తియ్యటి గింజ వాసన), అంబర్ (వెచ్చటి బంక వాసన), తోలు వచ్చి దాన్ని తొక్కేస్తాయి. లో పాపియే గొంతు చిన్నదే కానీ చివరిదాకా ఒకే మాట మీద ఉంటుంది. నా ఓటు దానికే, ఈ రాత్రికైతే.

రెండూ కలిపి కొట్టుకుంటే? వద్దు. టోంకా ముందు ఆ ఆవిరి నిలవదు.