429 కోట్ల చిల్లర

ఎండాకాలం మిర్చి యార్డుకు సెలవులు. సీజనంతా కమీషన్ కొట్లో టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలు రాసిన చెయ్యి ఊరికే ఉండదు. మొన్న మధ్యాహ్నం గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని, పాత కాటా చీటీ వెనక 4,29,49,67,297 అని రాసుకున్నాను.

రెళ్లు ముప్పై రెండు వేసి గుణించి, ఒకటి కలిపితే ఇది వస్తుంది. ముప్పై రెండుకు బదులు 1, 2, 4, 8, 16 రెళ్లు వేస్తే, ఇదే వరుసలో దీనికి ముందున్నవి వస్తాయి: 3, 5, 17, 257, 65,537. అన్నీ ప్రధాన సంఖ్యలే (ప్రైములు), అంటే ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ భాగించనివి. అందుకే ఇది కూడా అంతేనని 1640లో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. ఆ నమ్మకం తొంభై ఏళ్లకు పైగా నిలిచింది. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ వచ్చి, దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు.

641 వరకు ప్రధాన సంఖ్యలు 116 ఉన్నాయి. వరసగా పోతే 116 భాగహారాలు. కానీ ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగిలి తీరాలి. ఆయిలరే తర్వాత రుజువు చేశాడు. ఆ జల్లెడలో పోస్తే 641 దాకా మిగిలేవి ఐదే: 193, 257, 449, 577, 641. ఇంత పెద్ద సంఖ్యకు ఐదు భాగహారాలు! నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

"నాన్నా, ఫోన్‌లో కొడితే సెకను పట్టదు" అంది ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి.

"తెలుసమ్మా. ఇలా వచ్చి కూర్చో" అన్నాను.

193కి 109 మిగిలింది. 257కి 2. (ఫెర్మా వరుసలో ముందున్న 3, 5, 17, 257, 65,537లో దేనితో భాగించినా ఆ 2 మిగులుతుంది, కావాలంటే చేసి చూడండి.) 449కి 325, 577కి 288. ఇక 641. 4294లో ఆరు సార్లు పోయి 448 మిగిలింది. పైనుంచి 9 దించితే 4489. ఏడు సార్లు 641 అంటే 4487, మిగిలింది 2. ఆ రెండు పక్కన 6, 7 దించుకుంటూ, భాగఫలంలో రెండు సున్నాలు పెట్టుకుంటూ వెళ్లి, 2672లో నాలుగు, 1089లో ఒకటి తీసేశాక మళ్లీ 448 వచ్చింది.

"ఇందాకటిదే కదా నాన్నా!" అంది, చీటీ మీదకి వంగి.

ఇందాక దిగింది 9. ఈసారి పైన మిగిలిన ఆఖరి అంకె 7. దించితే సరిగ్గా 4487. శేషం సున్నా. మా ఇద్దరికీ కాసేపు మాట రాలేదు.

భాగఫలం 67,00,417. "మరి ఇది ప్రైమేనా?" అని అడిగింది. ప్రైమే. కానీ ఆ మాట తనకి చెప్పలేదు. జల్లెడ అదే, మళ్లీ 641 నుంచి మొదలుపెట్టు, తర్వాత 769, అలా వెళ్లు, దీని వర్గమూలం 2588 దాటక్కర్లేదు అని చెప్పి పెన్సిల్ చేతికిచ్చాను. నేనిది రాస్తుంటే తను 1153 దగ్గరుంది.