ఆ ఒక్క తనిఖీ

ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీలో పీజీ మొదలుపెట్టాక మొదటి సెమిస్టరంతా ఎన్‌క్రిప్షన్ వెనకున్న లెక్కలే. ప్రధాన సంఖ్యలు, శేషాలతో చేసే మాడ్యులర్ అరిథ్మెటిక్. ఇష్టంగానే చదివాను.

ఈ వారం ల్యాబులో 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపాన్ని పరీక్షించాం. పాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (నెట్‌లో వెళ్ళే డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే సాఫ్ట్‌వేర్) ఉన్న సర్వర్‌కి నాలుగక్షరాలు పంపి, దాదాపు 64 కిలోబైట్లు పంపానని, అదంతా తిరిగి పంపమని చెప్పాను. నమ్మేసింది! మెమరీలో ఆ పక్కనున్నదంతా తిరిగి పంపింది. అందులో కాసేపటి క్రితం నేను టైప్ చేసిన పాస్‌వర్డ్ అక్షరాలా కనిపించేసరికి ఒళ్ళు జలదరించింది. ఎన్‌క్రిప్షన్ లెక్కల్లో తప్పేమీ లేదు. చెప్పిన పొడవూ వచ్చిన పొడవూ సరిపోయాయో లేదో చూసే తనిఖీ లేదు, అంతే. రెండేళ్ళ పాటు అది అలాగే ఉండిపోయింది.

రాత్రి నా పాత ప్రాజెక్టు కోడ్ తెరిచాను. అవతలివాళ్ళు చెప్పిన పొడవును నేనూ అలాగే నమ్మిన చోట్లు రెండు దొరికాయి. ఒకటి సరిచేశాను. రెండోది రేపు పొద్దున్నే.