ఎస్తెవెల్ శ్మశానంలో బెంగాలీ అక్షరాలు

ఉత్తర ఫ్రాన్స్‌లోని లీల్ నగరంలో రైలెక్కి లాన్స్‌లో దిగేసరికి ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. మూతపడిన గనుల నుంచి ఏళ్ల తరబడి తవ్విపోసిన నల్లని బొగ్గుదిబ్బలు దూరాన కొండల్లా కనిపించాయి. అక్కడి నుంచి టాక్సీలో ఎస్తెవెల్ అనే చిన్న ఊరికి వెళ్లాను. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున పోరాడిన భారతీయ విమాన చోదకుడు ఇంద్రలాల్ రాయ్ సమాధి ఆ ఊరి శ్మశానంలోనే ఉంది. దాన్ని చూడాలని నాకు చాలా ఏళ్లుగా కోరిక.

1898 డిసెంబర్ 2న కలకత్తాలో పుట్టి, లండన్‌లోని సెయింట్ పాల్స్ స్కూల్లో చదువుకున్న ఇంద్రలాల్, 1917లో బ్రిటన్ సైన్యపు వైమానిక విభాగమైన రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరాడు. చూపు సరిగా లేదని మొదట తిప్పి పంపేస్తే, తన మోటార్‌సైకిల్ అమ్మి, ఆ డబ్బుతో పెద్ద కంటి వైద్యుడి దగ్గర మళ్లీ పరీక్ష చేయించుకుని, ఆ నిర్ణయాన్ని మార్పించాడని చెబుతారు. అదే ఏడాది డిసెంబర్ 6న అతని ఎస్.ఇ.5ఏ విమానం కూలింది. ఇక ఎగరడానికి పనికిరావని వైద్యులు తేల్చినా అతను ఊరుకోలేదు. గాయాలు మానేదాకా కాగితాల మీద విమానాల బొమ్మలు గీస్తూ గడిపి, పట్టుబట్టి 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌కు చేరుకున్నాడు. ఆ జూలైలో పదమూడు రోజుల వ్యవధిలో అతని ఖాతాలో శత్రు విమానాలపై పది విజయాలు పడ్డాయి. వాటిలో రెండు తోటివారితో కలిసి సాధించినవి. జూలై 8న అయితే నాలుగు గంటల్లోనే మూడు.

జూలై 22న, ఎస్తెవెల్‌కు దగ్గరలోనే ఉన్న కార్వాన్ మీదుగా గస్తీ తిరుగుతుండగా, జర్మన్ ఫోకర్ విమానాలతో జరిగిన పోరులో అతను నేలకూలాడు. అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు నిండలేదు. ఆ రోజుల్లో బ్రిటిష్ యుద్ధవిమాన చోదకులకు పారాచూట్ ఇచ్చేవారు కారు. కర్ర చట్రానికి గుడ్డ బిగించి కట్టిన విమానానికి నిప్పంటుకుంటే బయటపడే దారే ఉండేది కాదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ సెప్టెంబర్‌లో అతనికి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ప్రకటించారు. ఆ పతకం పొందిన తొలి భారతీయుడు అతనే, కానీ అందుకోవడానికి అతను లేడు.

ఊరివారి కుటుంబ సమాధుల నడుమ ఆ తెల్లరాయిని వెతుక్కోవడానికి కొంచెంసేపు పట్టింది. ఆదర్శాల కోసం ప్రాణమిచ్చాడని దాని మీద ఫ్రెంచిలో ఒక వాక్యం ఉంది. ఇంకొకటి బెంగాలీలో ఉంది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పెరిగిన తెలుగువాణ్ణి కనుక ఆ లిపి నాకు చిన్నప్పటి నుంచీ పరిచయమే. రాయికి పట్టిన పాచి తుడుద్దామని చెయ్యి చాచి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివాను: ఇది మహావీరుని సమాధి, గౌరవం చూపు, తాకకు.

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని నమస్కరించాను.